ఆకులోంచి విటమిన్, ఆ వెనకే కీళ్ల మందు

కీళ్ల నొప్పులతో మా ఓపీకి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది నొప్పి సంగతి చెప్పకముందే ఏం తినకూడదో అడుగుతారు. ధర్మవరం మగ్గాల మీద అరిగిన చేతులు, కళ్యాణదుర్గం చేలల్లో చెనిక్కాయలు పీకిన వేళ్లు. ఊళ్లో ఎవరో ఒకరు అప్పటికే పథ్యం చెప్పి ఉంటారు. పోయిన ఎండాకాలం వచ్చిన ఒక అవ్వ వంకాయ, గోంగూర, టమాటా, బంగాళదుంప, పప్పు, చెనిక్కాయలు అన్నీ మానేసింది. చివరికి మిగిలింది చారన్నం, మజ్జిగన్నం. బరువు 38 కిలోలు, హిమోగ్లోబిన్ 7. వేళ్ల కణుపుల వాపు మాత్రం ఏమీ తగ్గలేదు. పరీక్షల్లో రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలింది.

ఆమెకు రెండు మాత్రలు రాశాను. ఒకటి వారానికి ఒక్కరోజే వేసుకోవాల్సిన చిన్న పసుపు మాత్ర, మెథోట్రెక్సేట్. రెండోది ఫోలిక్ యాసిడ్. ఈ రెండింటి వెనుకా ఒకే ప్రయోగశాల, దాన్ని నడిపించిన ఒక తెలుగువాడు ఉన్నారు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువులో మొదట్లో మెరిసిన పిల్లవాడు కాదు. పదమూడేళ్లకు కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు చేద్దామని ఇంట్లోంచి పారిపోతే పట్టుకుని తెచ్చారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. అది శస్త్రచికిత్స చెప్పే ఆంగ్లేయ ఆచార్యుడికి నచ్చలేదు. పరీక్షలు బాగా రాసినా పూర్తి ఎంబీబీఎస్ ఇవ్వకుండా ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టారు. నా గదిలో గోడకున్న ఎంబీబీఎస్ పట్టా చూసినప్పుడు ఒక్కోసారి నాకు ఈ సంగతి గుర్తొస్తుంది.

ఆ ఇంట్లో అసలు దెబ్బ స్ప్రూ అనే జబ్బు కొట్టింది. పేగులు తిన్నదాన్ని ఒంటికి పట్టనివ్వవు. నోరు పూస్తుంది, విరేచనాలు ఆగవు, రక్తం పలచబడుతుంది, మనిషి కళ్లముందే కరిగిపోతాడు. సుబ్బారావు అన్నదమ్ములిద్దరిని కొద్దిరోజుల తేడాలో అది తీసుకెళ్లింది. ఆయనకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకుని, తర్వాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పారు. అల్లోపతి చదివి ఆయుర్వేదం దగ్గర కొలువు చేసినందుకు ఆయన ఎక్కడా చిన్నబుచ్చుకున్నట్టు కనిపించదు.

మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ట్రస్టు అండతో 1923 అక్టోబరులో బోస్టన్ చేరారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు, పొట్ట కోసం రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్లు కడిగే పని. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాలు శక్తిని ఎలా దాచుకుని ఎలా వాడుకుంటాయో చెప్పే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ పరిశోధనలు తర్వాత వచ్చాయి. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లి పరిశోధన విభాగం చూసుకున్నారు.

మన పళ్లెంలోని కథ ఇక్కడ మొదలవుతుంది. అంతకు పదేళ్ల ముందు లూసీ విల్స్ అనే ఆంగ్ల డాక్టరు బొంబాయిలో నేతమిల్లుల పేద గర్భిణుల్లో రక్తహీనతను పరిశీలించి, వాళ్ల తిండిలో ఏదో లోపించిందని గుర్తించారు. ఈస్ట్ నుంచి తీసిన చౌక పదార్థం పెడితే వాళ్లు తేరుకున్నారు. ఆ లోపించినదాన్ని 1941లో అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి కొద్దిపాటిగా రాబట్టి, లాటిన్‌లో ఆకు అనే అర్థం వచ్చే మాటతో ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. దాని నిర్మాణం ఛేదించి, కృత్రిమంగా తయారుచేసింది లెడర్లీలో సుబ్బారావు బృందం, 1945లో. అది అందిన వెంటనే స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. కోలుకున్నారు. అన్నదమ్ముల్ని తీసుకెళ్లిన జబ్బుకు మందు ఆయన చేతుల మీదుగానే వచ్చింది, కాకపోతే పాతికేళ్లు ఆలస్యంగా.

అంతటితో ఆగలేదు. బోస్టన్‌లో పిల్లల బ్లడ్ క్యాన్సర్ చూస్తున్న సిడ్నీ ఫార్బర్ ఈ విటమిన్ జబ్బును పెంచుతోందేమోనని అనుమానించారు. అయితే దాన్ని అడ్డుకునేది ఒకటి చేసి ఇస్తే? సుబ్బారావు బృందం అమినోప్టెరిన్, దాని వెంటే మెథోట్రెక్సేట్ తయారుచేసింది. 1948లో ఫార్బర్ ఫలితాలు వెలువడ్డాయి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో పోయారు. వయసు 53. బోదకాలు పురుగులకు వాడే డైఇథైల్ కార్బమజైన్ కూడా ఆయన బృందం ఇచ్చిందే. అమెరికా వెళ్లాక ఒక్కసారి కూడా ఇల్లు చూడలేదు. శేషగిరి గారి ఎదురుచూపు పాతికేళ్లు.

తన మందు కీళ్లకు పనిచేస్తుందన్న సంగతి ఆయనకు తెలియదు. 1951లో అమినోప్టెరిన్‌ను రుమటాయిడ్ రోగులకు ఇస్తే వాపులు తగ్గాయి. అప్పుడే కార్టిజోన్ హడావిడి మొదలవడంతో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మెథోట్రెక్సేట్‌కు రుమటాయిడ్ మందుగా అమెరికా ఆమోదం వచ్చింది 1988లో. ఇప్పుడు ఈ జబ్బుకు ప్రపంచమంతా మొదట రాసేది దాన్నే.

మందు ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడేది కదా, మళ్లీ అదే మాత్ర ఎందుకు, ఆకుకూరలు మానాలా అని చదువుకున్న ఇళ్లలో అడుగుతారు. మానక్కర్లేదు. కీళ్లకిచ్చే మోతాదు చిన్నది. ఫోలిక్ యాసిడ్ మాత్ర నోటిపూత, వికారం, కాలేయం మీద పడే భారం తగ్గిస్తుంది. మందు గుణాన్ని పెద్దగా తగ్గించదు. తోటకూర, పాలకూర, పెసలు, అలసందలు, శనగలు, మన చెనిక్కాయలు కూడా ఫోలేట్ ఉన్నవే. ఆకులు ఉడికించిన నీళ్లు పారబోయకండి, విటమిన్‌లో సగం వాటిలోనే పోతుంది. పులగూర మెదిపే పద్ధతిలో ఆ నీళ్లు కూరలోనే ఉంటాయి కాబట్టి నాకది ఇష్టం.

తిండితో రుమటాయిడ్ పోదు. చేపలు తరచూ తినేవాళ్లకు కొంత ఉపశమనం ఉండొచ్చు. ఏదైనా ఒక పదార్థం తిన్న ప్రతిసారీ నొప్పి పెరుగుతోందనిపిస్తే దాన్నొక్కటే మూడు వారాలు ఆపి, మళ్లీ తిని చూడండి. తేడా లేకపోతే వదలడం దండగ. పప్పు, గుడ్డు, పాలు మానితే కీలును పట్టి ఉంచే కండ కరిగి నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. అరుగుదల వల్ల వచ్చే మోకాలి నొప్పి సంగతి వేరు. అక్కడ బరువు ఒక కిలో తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. గౌట్‌కు మాంసం, కార్జం, మద్యం తగ్గించాలి గాని పప్పు, పాలకూరను నిందించకండి. మన ఊళ్లలో నడుము, మెడ కూడా బిగుసుకుపోతుంటే బోరునీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో చూపించండి.

ఒక్క హెచ్చరిక గట్టిగానే చెప్పాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. రక్తం, కాలేయం, కిడ్నీ పరీక్షలు చెప్పిన గడువుకు చేయించాలి, మద్యం జోలికి వెళ్లకూడదు. పనిచేయడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఆ లోపు ఓపిక పోయి పొట్లాల పొడుల వైపు వెళ్లకండి. వాటిలో స్టెరాయిడ్ కలిపి అమ్మడం మామూలే.

అవ్వ మూడో నెల వచ్చినప్పుడు బరువు 41. చాలా కాలం తర్వాత సంగటి తనే కెలికి ముద్ద చేశానని చెప్పింది. కణుపుల వాపు కొంత దిగింది. మాత్ర ఏ రోజు వేసుకుంటున్నావని అడిగితే సంచిలోంచి గోడ క్యాలెండర్ తీసింది. మంగళవారాల మీద మాత్రమే మనవరాలు పసుపు బొట్లు పెట్టింది.