ధర్తీ ఆబా బిర్సా ముండా: మతాల మధ్య నడిచిన మనిషి

బిర్సా ముండా 1875 నవంబరు 15న నేటి జార్ఖండ్‌లోని ఖుంటి ప్రాంతంలో, ఉలిహాతు గ్రామంలో పుట్టారు. తండ్రి సుగానా, తల్లి కర్మి. పేద కుటుంబం, పని దొరికిన ఊరికల్లా వెళ్లి బతికింది. సాల్గాలో జైపాల్ నాగ్ అనే గురువు దగ్గర బిర్సా అక్షరాలు దిద్దారు. పిల్లవాడు చురుకైనవాడని చూసి ఆ గురువే జర్మన్ మిషన్ బడికి పంపారు. అక్కడ చేరడానికి మతం మారి బిర్సా దావీదు అయ్యారు. బడి రిజిస్టరులో పేర్లు మారిపోవడం మన ఏజెన్సీ పెద్దలకూ తెలిసిన సంగతే.

1886 నుంచి 1890 వరకు చైబాసాలో చదివారు. అప్పటికి ముండాల ఉమ్మడి భూములు జమీందార్ల చేతుల్లోకి, వడ్డీ వ్యాపారుల చేతుల్లోకి పోతున్నాయి. బయటివాళ్లను ముండాలు దికూలు అనేవారు. భూమి కోసం సర్దార్లు పోరాడుతుంటే మిషన్ వారికి అండగా నిలబడలేదు. ఆత్మాభిమానం గల కుర్రవాడు అది సహించలేక మిషన్ వదిలేశారు. తరువాత బంద్‌గావ్‌లో ఆనంద్ పాండే అనే వైష్ణవుని దగ్గర ఉండి మాంసం మానారు, జంధ్యం వేసుకున్నారు.

1895లో సింగ్‌బోంగా తనకు కనిపించాడని ప్రకటించారు. మశూచి వచ్చిన ఇళ్లకు వెళ్లి రోగులకు సేవ చేశారు. జనం ఆయన్ను ధర్తీ ఆబా, అంటే భూమి తండ్రి, అని పిలిచారు.

మన సభల్లో బిర్సా పాత ఆచారాన్ని నిలబెట్టారని చెబుతుంటారు. నాకది సగం నిజమే అనిపిస్తుంది. బోంగాలకు కోళ్లు, మేకలు బలి ఇవ్వొద్దన్నారు. హండియా తాగొద్దన్నారు. భూతవైద్యులను నమ్మొద్దన్నారు. ఇవన్నీ తాతల నాటి అలవాట్లే! ఊరి పూజారులైన పాహన్లకు ఇది రుచించి ఉంటుందా? ఒకే దేవుడన్న మాటలో చర్చి జాడ ఉంది, జంధ్యంలో వైష్ణవం ఉంది. అయినా ఏది ఉంచాలో ఏది వదలాలో ముండాలే తేల్చుకోవాలన్నది ఆయన పట్టుదల. ఆ పట్టుదలే సర్కారుకు భయం పుట్టించింది.

ఆ ఏడాదే అరెస్టు చేసి రెండేళ్లు జైల్లో పెట్టారు. విడుదలయ్యాక ఉల్‌గులాన్ మొదలైంది. 1899 క్రిస్మస్ ముందురాత్రి చర్చిల మీద కూడా బాణాలు పడ్డాయి. ఒకప్పుడు తాను ప్రార్థన చేసిన మతం మీదే అది. మనం దాన్ని దాచనక్కరలేదు. 1900 జనవరి 9న శైల్ రకాబ్ కొండ మీద సైన్యం కాల్పుల్లో ముండాలు నేలకొరిగారు. ఫిబ్రవరిలో బిర్సా పట్టుబడ్డారు. జూన్ 9న రాంచీ జైల్లో కన్నుమూశారు. కలరా అని అధికారులు రాశారు. వయసు 25 కూడా నిండలేదు.

ఎనిమిదేళ్లకు, 1908లో, ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం వచ్చింది. మనకు 1/70 ఎలాగో వాళ్లకు అది అలాగ. ఆయన చూపిన దారిలో నడిచే బిర్సాయితులు ఖుంటి వైపు ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. కొద్దిమందే. బలులు ఇవ్వరు, మద్యం ముట్టరు, గురువారం ప్రార్థనకు చేరతారు.