సూసన్నా వెస్లీ అమ్మగారి ఇంటి బడి

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలోని మన పాత సంఘములలో అనేకము వెస్లియన్ మిషనెరీల సేవవలన పుట్టినవి. వెస్లీ అను పేరు మన పిల్లలకును పెట్టుకొనుచున్నాము. అయితే జాన్ వెస్లీగారికిని, కీర్తనలు వ్రాసిన చార్లెస్ వెస్లీగారికిని అక్షరములు నేర్పిన తల్లిని ఎరిగినవారు తక్కువ. ఈ నెల ఆమె జీవితమును ధ్యానింతము.

సూసన్నమ్మ 1669లో లండనులో జన్మించెను. తండ్రికి ఆమె ఇరువదియైదవ సంతానము. పాదిరి సామ్యూలు వెస్లీగారిని పెండ్లాడి, ఎప్వర్త్ అను చిన్న ఊరిలో కాపురముండెను. పందొమ్మండుగురిని కనెను, బ్రతికి పెద్దవారైనది పదిమందే. ఇంటినిండ అప్పులు. 1705లో అప్పు తీర్చలేక భర్త చెరసాలకు పోయెను. అట్టి ఇంటిలోనే ఆమె బడి నడిపెను.

అయిదేండ్లు నిండువరకు, ఒక్క బిడ్డకు తప్ప, ఎవరికిని చదువు చెప్పలేదు. అయిదవ పుట్టినరోజు గడచిన మరునాడు ఇంటిలోని వారందరికి తలకొక పని అప్పగించి, ఆ బిడ్డతోనే కూర్చుండెడిది. ఆ ఒక్క దినములోనే అక్షరములన్నియు వచ్చెడివి. మేరీకిని, ఆన్‌కును మాత్రము ఒకటిన్నర దినము పట్టెను. వీరు మందబుద్ధులని తల్లి మొదట తలంచెను. ఇతరుల పిల్లలకెంత కాలము పట్టునో చూచినపిమ్మట ఆ తలంపు మార్చుకొనెను. (ఇంగ్లీషు అక్షరములు ఇరువదియారే. మన గుణింతములు, ఒత్తులు ఒక్క దినమున రావు. ఎవరును బిడ్డను తొందరపెట్టవద్దు.) తరువాత ఆదికాండము మొదటి అధ్యాయమే వారికి వాచకము.

ఆమె చేసినదంతయు మేము మెచ్చము. ఏడాది బిడ్డకే బెత్తమనిన భయము పుట్టించి, ఏడ్చినను మెల్లగా ఏడ్చునట్లు చేసెను. బెదరిన పసిబిడ్డ నోరు విప్పడు; నోరు విప్పనిదే మాటలు రావు. తప్పు ఒప్పుకొని మానుకొందునన్న బిడ్డను కొట్టరాదను ఆమె నియమము మాత్రము మంచిది.

1709లో వారి ఇల్లు కాలిపోయెను. అయిదేండ్ల జాన్‌ను పై కిటికీనుండి దింపి కాపాడిరి. పిల్లలు పలు ఇండ్లకు చెదరి, మోటు మాటలు నేర్చి తిరిగి వచ్చిరి. తల్లి మరల మొదటినుండి మొదలుపెట్టెను. భర్త లండనులో నున్న కాలమున ఒక్కొక్క రాత్రి ఒక్కొక్క బిడ్డతో ఏకాంతముగా మాటలాడుచుండెను. గురువారము జాన్‌ది. అతడు పెద్దవాడైన తరువాత కూడ ఆ గురువారపు గడియను తనకిమ్మని తల్లికి జాబు వ్రాసెను.

మాకంత తీరిక ఎక్కడిదని మన అక్కచెల్లెండ్లు అడుగుదురు. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయము ఇంట కూర్చున్నప్పుడును, త్రోవను నడచునప్పుడును పిల్లలకు నేర్పుమనుచున్నది గాని, వేరుగా తీరిక చూచుకొమ్మనలేదు. చిక్కుడుకాయలు ఒలుచుచు బిడ్డచేత లెక్కపెట్టింపవచ్చును. చెరువుగట్టు మీద పోవుచు కొంగ ఏది, బర్రె ఏది అని అడుగవచ్చును; బిడ్డ జవాబు వచ్చువరకు ఆగవలెను. బీడీలు చుట్టునప్పుడు చేతులకే పని, నోరు ఖాళీయే గదా! తంబాకు చాట మాత్రము బిడ్డకు అందనీయరాదు. నాయనలును ఈ పనికి తప్పించుకొనరాదు.

సూసన్నమ్మ నియమములలో ఒకటి మాకు మిక్కిలి గొప్పది. బాగుగా చదువ వచ్చువరకు ఏ ఆడపిల్లకును కుట్టుపని మొదలగు పనులు చెప్పరాదు. పెద్దపిల్ల తమ్ముని చంకనెత్తుకొని బడి మానుట మన పల్లెలలో చూచినదే. ఆ ఇంటిలో హెట్టి అను కుమార్తె ఎనిమిదేండ్లకే గ్రీకు నిబంధన చదివెనందురు.

1732లో జాన్‌గారు కోరగా తల్లి తన పద్ధతి అంతయు ఉత్తరములో వ్రాసి పంపెను. 1742లో లండనులో నిద్రించెను. ఆమె కుమారులు ముగ్గురును ఆక్స్‌ఫర్డులో చదివిరి. హెట్టికి ఆ ద్వారము తెరువబడలేదు. ఆ విశ్వవిద్యాలయము స్త్రీలకు పట్టములిచ్చినది 1920లో.