బుర్రకథ పితామహుడు షేక్ నాజర్

పాట పుట్టిన ఇల్లు పేదదైనంత మాత్రాన పాట పేదది కాదు. అందుకు నిదర్శనం షేక్ నాజర్ గారి జీవితం.

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో నిరుపేద దూదేకుల కుటుంబంలో జన్మించారు. చిన్ననాటి నుండే పాటన్నా, నాటకమన్నా ఆయనకు ప్రాణం. ఎన్నో కష్టాలు పడుతూనే గురువుల దగ్గర సంగీతం నేర్చుకున్నారు. నాటకాల్లో వేషాలు కట్టారు.

1940లలో ప్రజానాట్యమండలిలో చేరి బుర్రకథ చేపట్టారు. అది ఆయన కొత్తగా కనిపెట్టిన కళ కాదు. జంగాలు ఊరూరా తిరిగి చెప్పిన కథల్లోంచి వచ్చింది. నడుమ తంబుర పట్టి, చేతి వేళ్లకు అందెలు తొడిగిన కథకుడు. ఇరువైపులా డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరు నవ్విస్తే, మరొకరు లోకం పోకడను ఎండగడతారు. నాజర్ ఈ పద్ధతిని వదలలేదు. తాను నేర్చిన రాగాలను, నాటకంలో అబ్బిన అభినయాన్ని దానికి జోడించారు. పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు వంటి వీరగాథలతో పాటు, 1943 నాటి బెంగాల్ కరువును కూడా కథగా చెప్పి జనాన్ని కదిలించారు. ఆ దశాబ్దంలోనే ప్రభుత్వాలు బుర్రకథను నిషేధించేంతగా అది ప్రజల్లోకి వెళ్లింది. 1953లో 'పుట్టిల్లు' సినిమాలోకి వెళ్లినా తన బుర్రకథనే వెంట తీసుకెళ్లారు.

1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. లోకం చిన్నచూపుతో పలికే 'పింజారి' అన్న పేరే ఆయన ఆత్మకథకు పేరయింది. 1997లో ఆయన కన్నుమూశారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మా ఇళ్లలో డిగ్రీ దాటిన మొదటి తరం మేము. చదువుకుంటే ఇంటి పాట మరిచిపోవాలేమోనని మనలో చాలామందికి అనిపిస్తుంది. నాజర్ శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నది పల్లె కథను విడిచిపెట్టడానికి కాదు, దానికి బలం చేకూర్చడానికి. వార్షికోత్సవంలో సినిమా పాటకు అడుగులు వేయడం తప్పేమీ కాదు. కానీ మన తాతల డప్పు దరువులు, అమ్మల నాట్ల పాటలు మనం స్టేజీ ఎక్కించకపోతే ఎవరు ఎక్కిస్తారు? వచ్చే ఏడు ఒక్క అంశమైనా మన ఇంటి నుండి రావాలని మా కోరిక.