బడి గడప తొక్కనివ్వని పిల్లలకు అండగా నిలిచిన భువనగిరి బిడ్డ.. రావి నారాయణరెడ్డి

రావి నారాయణరెడ్డి పేరు చెప్పగానే తెలంగాణ సాయుధ పోరాటమే గుర్తొస్తుంది. 1952 ఎన్నికల్లో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న నాయకుడని కూడా చెప్పుకుంటారు. కానీ తుపాకీ, ఓటు కంటే ముందు ఆయన చేతికెత్తుకున్న పని ఇంకోటి ఉంది. అది బడికి దూరమైన దళిత పిల్లలకు తిండి, నీడ, చదువు చూపించడం. ఆయన ప్రజాజీవితం మొదలైంది దాదాపు ఇక్కడి నుంచే.

భూస్వాముల ఇంట్లో పుట్టి..

రావి నారాయణరెడ్డి 1908 జూన్‌లో భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో పుట్టారు. కలిగిన కుటుంబం. పై చదువుల కోసం హైదరాబాద్ వెళ్లారు. 1930లో గాంధీజీ ఉప్పు సత్యాగ్రహానికి పిలుపునిచ్చారు. నిజాం సంస్థానంలో అలాంటి ఉద్యమాలకు చోటు లేదు. దాంతో చదువు పక్కన పెట్టి, బద్దం ఎల్లారెడ్డితో పాటు కాకినాడ వెళ్లి సత్యాగ్రహంలో పాల్గొన్నారు.

ఆ పిల్లలకు బడి ఎందుకు దూరమైంది?

ఆ రోజుల్లో నిజాం రాజ్యంలో పది మందిలో ఒక్కరికి కూడా చదువు రాదు. సర్కారు బడుల్లో చదువు ఎక్కువగా ఉర్దూలోనే. తెలుగు మాట్లాడే పిల్లలకు అదే పెద్ద అడ్డంకి. దళిత పిల్లల సంగతి మరీ ఘోరం. ఒకవైపు అంటరానితనం, ఇంకోవైపు వెట్టి. తండ్రి చేసిన అప్పుకు కొడుకు భగేలాగా దొర ఇంట్లో జీతం ఉండాల్సిందే. పదేళ్లు దాటిన పిల్లవాడు పలక పట్టాల్సింది పోయి పశువుల వెంట పోయేవాడు. బడి తలుపు తెరిచినా లోపలికి వచ్చే దారి వాళ్లకు లేదు.

హైదరాబాద్ నగరంలో భాగ్యరెడ్డి వర్మ 1910లోనే ఇసామియా బజార్‌లో దళిత పిల్లలకు బడి పెట్టారు. పల్లె పిల్లలకు మాత్రం బడి ఒక్కటే సరిపోదు. ఊరు దాటి వచ్చిన పిల్లవాడికి పడుకోవడానికి చోటు కావాలి. రెండు పూటలా తిండి కావాలి. మళ్లీ పనిలోకి లాక్కుపోకుండా అడ్డం నిలబడే పెద్ద దిక్కు కావాలి. అంటే హాస్టల్ కావాలి.

హరిజన సేవక సంఘంలో..

పూనా ఒప్పందం తర్వాత 1932లో దేశవ్యాప్తంగా హరిజన సేవక సంఘం ఏర్పడింది. హైదరాబాద్ సంస్థాన శాఖ కార్యదర్శి బాధ్యత రావి నారాయణరెడ్డి భుజాన పడింది.  హైదరాబాద్, నల్లగొండల్లో దళిత విద్యార్థుల కోసం హాస్టళ్లు నడిపించారు.

రెడ్ల ఇంటి పిల్లవాడు దళిత పిల్లల బాగోగులు చూడటం ఆ కాలంలో చిన్న విషయం కాదు. వెట్టి మీద బతికే దొరతనానికి చదువుకున్న పాలేరు కొడుకు పనికిరాడు. కాబట్టి పైకి సేవగా కనిపించిన ఈ పని, నిజానికి గడీల పునాదినే కదిలించే పని.

ఇక్కడే ఆయనకు ఒక విషయం ఎదురైంది. హాస్టల్‌లో చేర్చుకోగలిగేది కొద్దిమందినే. ఊళ్లో వెట్టి ఉన్నంత కాలం మిగతా వాళ్లు బడి బయటే ఉంటారు. ఆయన ఆ తర్వాత నడిచిన దారి కూడా వెట్టి మీద పోరు వైపే సాగింది. 1938లో స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహంలో మొదటి జట్టులోనే అరెస్టయ్యారు. ఆ మరుసటి ఏడాది కమ్యూనిస్టు పార్టీలో చేరారు.

అణాతో తెరుచుకున్న తలుపు

1941లో చిలుకూరు ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. 1944లో సొంత గడ్డ భువనగిరిలో జరిగిన సభకూ ఆయనే అధ్యక్షుడు. ఇక్కడే సభ్యత్వ రుసుమును రూపాయి నుంచి అణాకు తగ్గించారు. అంటే పదహారో వంతు. అప్పటిదాకా చదువుకున్నవాళ్ల సభగా ఉన్న సంఘంలోకి పాలేర్లు, కూలీలు, కౌలు రైతులు గుంపులుగా వచ్చారు. ఊరూరా సంగం పుట్టింది. వెట్టి, భూమి కోసం సాయుధ పోరాటం మొదలైంది. రావి నారాయణరెడ్డి తన భూమిలోనూ వందల ఎకరాలు పేదలకు పంచారు.

పోరాటం 1951లో ఆగింది. 1952లో పీడీఎఫ్ అభ్యర్థిగా నల్లగొండ నుంచి 3,09,162 ఓట్లతో గెలిచారు. అప్పట్లో నల్లగొండ ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఆయనతో పాటే అక్కడి నుంచి దళిత నాయకుడు సుంకం అచ్చాలు కూడా పార్లమెంటుకు వెళ్లారు. బడి గడప తొక్కనివ్వని సమాజం నుంచి వచ్చిన మనిషి దేశ చట్టసభలో కూర్చున్నారు.

తర్వాత 1957లో భువనగిరి ఎమ్మెల్యేగా, 1962లో మళ్లీ నల్లగొండ ఎంపీగా గెలిచారు. 1991 సెప్టెంబర్ 7న కన్నుమూశారు. మరుసటి ఏడాది కేంద్రం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఇప్పుడు జిల్లాల్లో సంక్షేమ హాస్టళ్లు, గురుకులాలు ఉన్నాయి. అయినా పదో తరగతి దాటకుండానే బడి మానేసే పిల్లలు ఇంకా కనిపిస్తూనే ఉన్నారు. అలాంటి పిల్లవాడికి కావాల్సింది పుస్తకాలు మాత్రమే కాదు. చేయి పట్టుకుని నడిపించే పెద్ద మనిషి కూడా. తొంభై ఏళ్ల కింద బొల్లేపల్లి యువకుడు చేసి చూపించింది ఇదే.