రవీంద్రనాథ్ ఠాగూర్ – శాంతినికేతన్

మన జాతీయ గీతాన్ని రచించినది రవీంద్రనాథ్ ఠాగూర్ అని మీకు తెలుసు. ఆయన జీవించినది 80 ఏళ్ళు. అందులో సగం, అంటే 40 ఏళ్ళు, ఒక విద్యాలయాన్ని నిలబెట్టడానికి పాటుపడ్డారని మీకు తెలుసా? ఈ పాఠంలో ఆ విషయాలు తెలుసుకుందాం.

బాల్యం

రవీంద్రనాథ్ 1861 మే 7న కలకత్తాలో జన్మించారు. తండ్రి దేవేంద్రనాథ్, తల్లి శారదాదేవి. పెద్దలు ఆయనను ఒక బడి తర్వాత మరో బడిలో చేర్పించారు. ఎక్కడా ఆయన నిలవలేదు. గదిలో కదలకుండా కూర్చుని అర్థంకాని పాఠాలు వల్లించడం ఆయనకు శిక్షగా తోచింది. చివరకు ఇంటివద్దే చదువుకున్నారు. 1878లో ఇంగ్లాండు వెళ్ళినా పట్టా పొందకుండానే తిరిగి వచ్చారు.

దేవేంద్రనాథ్ 1863లో బీర్భూమ్ జిల్లా బోల్పూర్ దగ్గర 20 బిఘాల భూమి తీసుకున్నారు. ధ్యానం కోసం అక్కడ ఒక ఇల్లు కట్టించి, దానికి శాంతినికేతన్ అని పేరు పెట్టారు. 1873లో రవీంద్రనాథ్ తండ్రి వెంట మొదటిసారి అక్కడికి వెళ్ళారు. ఆ ఎర్రమట్టి బయళ్ళలో స్వేచ్ఛగా తిరిగారు.

చెట్ల కింద బడి

1901 డిసెంబరు 22న రవీంద్రనాథ్ అక్కడే పాఠశాల ప్రారంభించారు. మొదట చేరినవారు ఐదుగురే. వారిలో ఆయన కుమారుడు రథీంద్రనాథ్ ఒకరు. తరగతులు చెట్ల నీడన జరిగేవి. చదువుతోపాటు పాట, చిత్రలేఖనం, తోటపని కూడా నేర్పేవారు.

బడి నడపడానికి డబ్బు చాలలేదు. భార్య మృణాళినీదేవి తన నగలు ఇచ్చారు. పూరీలోని ఇల్లు అమ్మవలసి వచ్చింది. 1902లో మృణాళినీదేవి, 1903లో కుమార్తె రేణుక, 1907లో చిన్న కుమారుడు శమీంద్రనాథ్ మరణించారు. ఇన్ని దుఃఖాలలోనూ ఆయన బడిని మూసివేయలేదు. 1913లో నోబెల్ బహుమతి లభించింది. ఆ ధనాన్ని పతిసర్‌లోని రైతుల బ్యాంకులో ఉంచి, వడ్డీని పాఠశాలకు కేటాయించారు.

విశ్వభారతి

1919లో ఆయన దక్షిణ దేశంలో పర్యటించారు. మన మదనపల్లెలో బస చేసినప్పుడే 'జనగణమన'ను ఇంగ్లీషులోకి అనువదించారు. 1921 డిసెంబరులో విశ్వభారతిని ప్రారంభించారు. ప్రపంచంలోని వారంతా ఒకచోట చేరి నేర్చుకోవాలన్నదే దాని ఆశయం. కళాభవన్‌కు నందలాల్ బోస్ సారథ్యం వహించారు. గ్రామాల బాగు కోసం 1922లో శ్రీనికేతన్ ఏర్పడింది. 1955లో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బెజవాడ గోపాలరెడ్డి శాంతినికేతన్‌లోనే చదువుకున్నారు.

ఉత్తరాయణ్ అనే ఆవరణలో రవీంద్రనాథ్ నివసించిన ఐదు ఇళ్ళు ఉన్నాయి. వాటిలో శ్యామలి అనే ఇంటిని మట్టితో కట్టారు. చుట్టూ తోటలను రథీంద్రనాథ్ తీర్చిదిద్దారు. కవి చేతిరాతలు, చిత్రాలు, వాడిన వస్తువులు అక్కడి ప్రదర్శనశాలలో భద్రపరిచారు. 2004లో దొంగలు నోబెల్ పతకాన్ని అక్కడినుంచే ఎత్తుకుపోయారు. తర్వాత నోబెల్ సంస్థ దానికి నకళ్ళు ఇచ్చింది.

తన తర్వాత ఈ సంస్థ ఏమవుతుందోనన్న చింత రవీంద్రనాథ్‌ను వెంటాడింది. 1940లో గాంధీజీ శాంతినికేతన్ వచ్చినప్పుడు, దానిని కాపాడవలసిందిగా కోరుతూ లేఖ ఇచ్చారు. 1941 ఆగస్టు 7న ఆయన కన్నుమూశారు. 1951లో విశ్వభారతి కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. 2023లో యునెస్కో శాంతినికేతన్‌ను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

మీరు కూడా రోజూ బడికి వెళ్ళకుండానే చదువుకుంటున్నారు. బడిలో ఇమడలేని ఒక బాలుడు పెద్దవాడై ఎందరికో బడి కట్టాడని గుర్తుంచుకోండి.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. రవీంద్రనాథ్‌కు చిన్ననాటి బడులు ఎందుకు నచ్చలేదు?
2. పాఠశాల కోసం ఆయన కుటుంబం ఏమేమి వదులుకున్నది?
3. మీ ఊరిలో చెట్ల కింద ఏయే పాఠాలు నేర్చుకోవచ్చు? ఆలోచించి ఐదు వాక్యాలు రాయండి.