గోరా మాస్టారు

చిల్లకూరు బడికి బిడ్డలను పంపే తల్లిదండ్రులారా, దేవుడు లేడనే ఉపాధ్యాయుని మీరు ఉంచుకుంటారా?

గోపరాజు రామచంద్రరావు, అందరూ ఎరిగిన గోరా, 1902లో పుట్టారు. వృక్షశాస్త్రం బోధించేవారు. నాస్తికుడని 1933లో కాకినాడ పి.ఆర్. కళాశాల తొలగించింది. తరువాత బందరు హిందూ కళాశాలలోనూ అదే గతి. 1927లో వచ్చిన 295-ఎ సెక్షను దురుద్దేశంతో, కావాలని మతాన్ని అవమానించే వారికే శిక్ష చెప్పింది. నమ్మనని చెప్పడం నేరం కాదు. అయినా ఆయన ఉద్యోగం పోయింది.

ఆయన మాట మనకు రుచించదు, నిజమే. నిత్యం ప్రార్థన చేసే గాంధీజీకీ రుచించలేదు. అయినా సేవాగ్రాంకు పిలిచి వాదించారు. గోరా గారి కుమార్తెకు దళిత యువకునితో తలపెట్టిన పెండ్లిలో దేవుని పేరుకు బదులు సత్యం పేరు చెప్పడానికి ఒప్పుకున్నారు. గాంధీజీ హత్య తరువాత, 1948లో, ఆ పెండ్లి సేవాగ్రాంలోనే జరిగింది.