చదువు వదిలి సబ్‌మెరైన్ ఎక్కిన హైదరాబాదీ

మన క్లాసులో చాలామందికి ఎంఎస్ అంటే ఇప్పుడు జర్మనీయే గుర్తొస్తోంది. అదే జర్మనీకి ఇంజనీరింగ్ చదవడానికి వెళ్ళి, మధ్యలోనే వదిలేసిన ఒక హైదరాబాదీ గురించి రాస్తున్నాను. ఆయన పేరు ఆబిద్ హసన్. జై హింద్ అనే పలకరింపు ఆయన ఆలోచనేనని చాలామంది చెప్తారు.

ఆయన పుట్టింది 1911లో. కుర్రవాడిగా ఉన్నప్పుడే కొంతకాలం సబర్మతి ఆశ్రమంలో గడిపారు. తర్వాత జర్మనీ వెళ్ళారు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా అక్కడ సుభాష్ చంద్రబోస్‌ని కలిశారు. అంతే, చదువు ఆపేసి ఆయన సెక్రటరీ అయిపోయారు.

బ్రిటన్‌కి శత్రువైన దేశం మనకి సాయం చేస్తుందని బోస్ లెక్క. కానీ ఆయన కోరినట్టు హిట్లర్ మన స్వాతంత్ర్యానికి మద్దతు ప్రకటించలేదు. ఇక మిగిలిన ఆశ జపాన్. 1943 ఫిబ్రవరిలో ఇద్దరూ కీల్ రేవులో జర్మన్ సబ్‌మెరైన్ ఎక్కారు. ఏప్రిల్ చివర్లో మడగాస్కర్ వైపు సముద్రంలో, ఎగసిపడే అలల మధ్య చిన్న రబ్బరు పడవలో జపాన్ సబ్‌మెరైన్‌కి మారారు. మేలో సుమత్రా దగ్గర సబాంగ్‌లో దిగారు. దాదాపు మూడు నెలలు సముద్రంలోనే!

అప్పటికి మలయా, బర్మాల్లో ఉన్న మనవాళ్ళకి ఇంటిదారి మూసుకుపోయింది. తిండికి కూడా కటకటే. వాళ్ళలో రబ్బరు తోటల కూలీలు, చిన్న వ్యాపారులు, మన తెలుగువాళ్ళూ ఉన్నారు. అయినా ఆడవాళ్ళు ఒంటిమీది బంగారం తీసిచ్చారు. ఎన్నడూ తుపాకి పట్టనివాళ్ళు ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు.

1944లో ఇంఫాల్ మీదికి వెళ్ళారు. త్వరగా గెలిచేస్తామన్న నమ్మకంతో బయల్దేరిన జపాన్ సైన్యం దగ్గర తమకే తిండి, మందుగుండు చాలలేదు. ఇంక మనవాళ్ళకేం ఇస్తుంది? వానలు, మలేరియా, ఆకలి. ఆబిద్ హసన్ కూడా వాళ్ళతోపాటే అడవుల్లో వెనక్కి నడిచారు.

జపాన్‌కి ఇంఫాల్ అంటే బర్మాను కాపాడుకునే ఎత్తు. మనవాళ్ళకి ఇంటికి దారి. ఆ తేడాలోనే అంతా ఉందనిపిస్తుంది నాకు. పైగా అవే రబ్బరు తోటల నుంచి వేలమంది కూలీలను జపాన్ సయాం–బర్మా రైలు మార్గం పనికి తీసుకుపోయింది. చాలామంది తిరిగి రాలేదు. సాయం చేస్తానన్న చెయ్యీ అదే, వాళ్ళను పట్టుకుపోయిన చెయ్యీ అదే. చివరిదాకా నిలబడింది మాత్రం బంగారం ఇచ్చినవాళ్ళు, నడిచినవాళ్ళు.

యుద్ధం తర్వాత ఆబిద్ హసన్ జైల్లో ఉన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక విదేశాంగ శాఖలో చేరి, డెన్మార్క్‌తో సహా కొన్ని దేశాల్లో మన రాయబారిగా పనిచేశారు. ఒకప్పుడు దేశం కోసం సాయం అడగడానికి వెళ్ళిన మనిషి, ఈసారి స్వతంత్ర దేశం తరఫున వెళ్ళారు. రిటైరయ్యాక హైదరాబాద్ తిరిగొచ్చారు. 1984లో కన్నుమూశారు.